బంగళా వైపు గీత

కోర్టు తడపడం మా అయ్య పని.
తెల్లారకుండా నాలుగు కావిళ్ల నీళ్లు,
ఆనక రోలరు, ఆనక తాడు కట్టి సున్నం.
బంతులేరడం నా పని. పూటకి అణా.

పారినాయుడు విజయనగరం కాలేజీలో చేరిన ఏడు
ఉత్తకాళ్లతో దిగేడు కోర్టులోకి.
గుర్ల అవతల ఊరు. గోగు పండించే ఇల్లు.
పుర్రచెయ్యి వాటం.
చిన్నప్పుడు కంచంలో ఆ చెయ్యి పెడితే
వాళ్లమ్మ అట్లకాడతో వేసేదట.
అన్నం కుడిచెయ్యి నేర్చుకుంది.
దెబ్బలు తిన్న చెయ్యి మటుకు
కొబ్బరిమట్ట పట్టుకుని
గుడ్డబంతిని గోడకేసి కొడుతూ పెరిగింది.

క్లబ్బు పెద్దలు నవ్వేరు,
వెన్నరంగు పంట్లాలు మోకాళ్ల దగ్గర సర్దుకుంటూ.
సర్వీసు వేసేడు.
బంతి నాకు కనబడలేదు.
వెనక గోడ మీద చప్పుడొకటి వినబడింది,
ఎండిన సొరబుర్ర పగిలినట్టు.
నవ్వెక్కడిదక్కడ ఆగింది.

బూట్లు కాలేజీ ఇచ్చింది, రెండేళ్లు తిరక్కుండానే
బొటనవేలు బయటికొచ్చింది.
రాకెట్టు ఒక్కటే.
దాని తీగెలు గొర్రె పేగువి, తడి తగిల్తే గొంతు పోతుంది.
అంచేత వానాకాలం నాలుగు నెలలూ
మా పొయ్యి మీది అటకెక్కి పడుకునేది,
చెక్కబిగింపులో, నాలుగు మరల మధ్య,
ఎండుచేపల పక్కన.
మా అమ్మ దాన్ని 'నాయుడి వీణ' అనేది.

యాభైనాలుగు ఫైనలు.
ముందు రాత్రి అయ్యకి చలిజ్వరం.
పదకొండేళ్లవాణ్ని, సున్నం బకెట్టు నేనెత్తేను.
బంగళా వైపు మేకు కదిలిందని
గీత ఆరిపోయేక గాని చూళ్లేదు.
రెండు వేళ్లు. అంతే.
రెండు వేళ్లు బయటికి పోయింది గీత.
తుడిస్తే మరక. చెప్తే అయ్య ఉద్యోగం.
బంతుల బుట్ట పట్టుకుని నోరు మూసుకున్నాను.

అయిదో సెట్టు.
కాకినాడ కుర్రాడు కాళ్లీడుస్తున్నాడు,
గంటస్తంభం అయిదు కొట్టింది,
పుర్రచెయ్యి లేచింది.
బంతి బంగళా వైపు పడ్డచోట
చిటికెడు సున్నం పొగలా లేచింది.
"లోపలే" అన్నాడు అంపైరు.
జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు.
నేను ఆ బంతేరి
మచ్చని చొక్కాకి తుడిచేసేను.

ఆ తరవాత? ఏముంది,
మద్రాసు పంపేరు. అక్కడ కోర్టు గడ్డిది.
బంతి లేవలేదు. గంటలో అయిపోయింది.
రెండో రోజుకి బస ఖాళీ చెయ్యమన్నారు.
నెల్లిమర్ల జూటుమిల్లు టైమాఫీసులో
ముప్పై ఒక్క ఏళ్లు
వచ్చేవాళ్ల నంబర్లు రాసేడు, కుడిచేత్తో.
శనివారం జోడీ తక్కువైతే
క్లబ్బువాళ్లు కారు పంపేవారు.
గెలిపించేవాడు.
మెంబరు కాడు కనక టీ మెట్ల మీదే.
భుజం పట్టేసేక కారు రావడం మానేసింది.

మిల్లుకి లాకవుట్ వేసిన ఏడు
నెల్లిమర్ల స్టేషను బయట కలిసేడు.
చెప్పేసేను, గీత సంగతి.
ముప్పై ఏళ్లు మోసినది
ఒక్క టీ చల్లారేలోపు.

"తెల్సురా" అన్నాడు.
"ఆట రోజు పొద్దున్నే కోర్టంతా అడుగులేసి కొలుస్తాను.
బంగళా వైపు పాదం పట్టలేదు."

"మరి ఎవరికీ చెప్పలేదేటి?"

"చెప్తే మీ అయ్యని ఉంచుదురా?"

నా కళ్లు నిండేయి.
పాసింజరు బండొకటి వెళ్లింది. అది పూర్తిగా వెళ్లేదాకా ఆగి,
అటే చూస్తూ అన్నాడు:

"అంతేననుకోకు.
ఆఖరి బంతి
చూసుకునే అటు కొట్టేను."

ఇంకేమీ అడగలేదు నేను.
గ్లాసు పుర్రచేతిలో ఉంది.
కుడిచేతిలోకి మార్చుకుని
తాగేడు.