పిండి పులిసే వేళ

రెండువేల నలభై ఎదురుగా ఒక ఖాళీ గడి.
శుక్రవారం లోపు అందులో అంకె వెయ్యాలి:
కంచరపాలెం కొండవార వీధులకి
ఆ ఏడు మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి
ఎన్ని మెగావాట్లు కావాలో.
"జాతకమా ఏమిటండీ, లెక్కేగా" అంటారు మా సారు.
పాత అంకెని ఏటా ఎనిమిది శాతం పెంచుకుంటూ పోతే
పది నిమిషాల్లో తేలిపోతుంది.
ఆఫీసు ఏసీ పద్దెనిమిది దగ్గరుంది.
నేను స్వెట్టరు వేసుకుని
వేసవిని అంచనా వేస్తున్నాను.

అందుకే బయటికొచ్చాను.

జ్ఞానాపురంలో ఒక దండెం మీద తెల్ల చొక్కా.
జేబు మీద వేలితో రాస్తే నల్లగా అంటింది.
ఓడ దిగి, వేగనెక్కి,
బాయిలరు దాకా పోలేక దారిలో జారిన బొగ్గు.
ఇంకా కరెంటు కాని కరెంటు.
ఉతికి ఉతికి కాలరు చిరిగింది.
ఆ చిరుగు ఏ బిల్లులో పడుతుందో
రాయడానికి నా పట్టికలో గడి లేదు.

రుషికొండ దగ్గర గాజు మేడలు
సముద్రానికి ఎదురుగా నిలబడి
సముద్రపు గాలికి కిటికీ తియ్యవు.
పడమటెండని పిలిచి కూర్చోబెట్టుకుని
దాన్ని గెంటడానికి యంత్రాలు పెట్టుకున్నాయి.
ప్లాను మీద సంతకం పడిన రోజే
ముప్ఫై ఏళ్ల బిల్లు మీదా పడింది.
ఆ సంతకాల్లో నాదీ ఒకటుంది.
చెప్పకుండా దాటేస్తే బాగుండదు.

కప్పరాడ మెట్ల మీద, రేకుల కింద
దేముడమ్మ ఇడ్లీ పిండి అమ్ముతుంది.
గోడకి థర్మామీటరు తగిలిస్తే నవ్వింది.
"ఆ గాజు గొట్టం ఏటి సెప్తాది బాబూ,
నా పిండినడుగు.
తెల్లారి రుబ్బితే పన్నెండుకల్లా పులిసిపోతాది.
సలికాలవైతే పొద్దోయిందాకా ఉంటాది."

ఇద్దరు కుర్రాళ్లు, రెండు బకెట్ల సున్నం, కాస్త జిగురు.
రేకు మీద రెండు పూతలు.
ఎండకి కళ్లు చెదిరే తెలుపు చూసి
పక్కింటి సన్నిబాబు
"పెళ్లేటే నీకు?" అన్నాడు.
గోడ పైవరసలో ఇటుకంత కంత కొట్టించాం,
రేవు మీంచి తోవ తప్పి వచ్చే గాలికి.

పది రోజులాగి వెళ్లాను.
థర్మామీటరు నాలుగు గీతలు దిగింది.
ఫ్యాను అయిదు మీంచి మూడు మీదికి దిగింది.
పిండి మూడున్నర దాకా నిలబడింది.
సంబరంగా పుస్తకంలో రాసుకున్నాను:
ఎవరూ తవ్వని బొగ్గు, ఎవరూ లాగని తీగ,
సున్నం బకెట్లో దొరికిన కరెంటు.

"బిల్లు తగ్గిందా దేముడమ్మా?"
"నూటపది తగ్గింది. పోగేత్తన్నాను.
ఫ్రిజ్జు కొంటాను."

నా పెన్ను ఆగింది.

హుద్‌హుద్ వెళ్లిన వారం
చీకటి అందరికీ ఒకటే అనుకున్నాం.
వెలుతురు ఎవరి వీధికి ముందొచ్చిందో
ఎవరి వీధికి చివరికొచ్చిందో
ఆ వరస ఆమెకి నోటికొచ్చు.
ఆ వారమంతా రుబ్బురోలు తిప్పిన చేతులకి
పొదుపు గురించి నేనేం పాఠం చెబుతాను?
ఆమె కరెంటు పెరగాలి.
రేపటి పిండి ఈ రాత్రే చల్లగా నిద్రపోతే
ఆమె మూడింటికి లేవక్కర్లేదు.
తగ్గాల్సిన చోటు వేరే ఉంది:
పద్దెనిమిది దగ్గర వణుకుతున్న నా కుర్చీ,
కిటికీ తియ్యని ఆ మేడలు.

ముడసర్లోవ నీళ్ల మీద తేలే పలకలు
పగలంతా ఎండని మోసుకొస్తాయి. సరే.
పొద్దుగూకాక ఫ్రిజ్జు అడుగుతుంది, "మరి నాకో?"
దానికి జవాబు కూడా ఆ ఒక్క గడిలోనే పట్టాలి.

శుక్రవారం. సారు కళ్లజోడు పైకి తోసి
"ఈ సున్నం ఖర్చేమిటి, ఏ పద్దు కింద?" అన్నారు.
"ఉత్పత్తి కింద" అన్నాను.
నవ్వారు. కొట్టెయ్యలేదు, ఒప్పుకోనూ లేదు.

గడిలో ఎనిమిది శాతం కాని అంకె ఒకటి వేశాను.
దాని పక్కన, అంచులో, పెన్సిలుతో,
పైఆఫీసులో ఎవరూ చెరపకపోతే చాలు:
ఒక ఫ్రిజ్జు. కప్పరాడ మెట్లు.
పగలూ, రాత్రీ.