పొగబెట్టడం

ఫిబ్రవరి. షాఫ్టర్ చుట్టూ బాదం తోటలు తెల్లబడ్డాయి.
వాసన గుప్పుమంటోందట.
నాకు తెలీదు.
మూడేళ్ళ కిందటి జ్వరం నా ముక్కుని అప్పు తీసుకెళ్ళి
ఇంకా తెచ్చివ్వలేదు.

ఎలీసియో పికప్పు గరాజు ముందు ఆగి దగ్గింది.
వెనక ఖాళీ తేనెపెట్టెలు,
ఖాళీ అని నమ్మని నాలుగు తేనెటీగలు.
"మైతే, పసుపు దీపం మళ్ళీ వెలిగింది.
మూత మూడుసార్లు మార్చాను.
బంకులో గొట్టం పెడితే చాలు, టక్కుమని ఆగిపోతుంది.
గ్యాలనుకో టక్కు. వెనకాల హారన్లు."
గురువారం పొల్యూషన్ పరీక్ష. తప్పితే రిజిస్ట్రేషన్ లేదు.
పెట్టెలు వాటంతటవి తోటకి నడిచిపోవు కదా.

కంప్యూటర్ని అడిగాను. రెండు కోడ్‌లు చెప్పింది:
ఎక్కడో కారుతోంది, ఎక్కడో మూసుకుపోయింది.
ఎక్కడో మాత్రం చెప్పదు,
పక్కింటి గొడవ ఊసెత్తి
నాకెందుకులే అని లేచిపోయే మనిషిలా.

ట్యాంకులో పెట్రోలు కుదురుగా ఉండదు.
ఎండ తగిలితే ఆవిరై లేస్తుంది.
దాన్ని ఊరిమీదికి వదలకుండా
ఛాసిస్ పక్కన ఒక నల్ల డబ్బా, నిండా బొగ్గు,
రాత్రంతా పట్టి ఉంచి
పొద్దున్నే ఇంజనుకి గుక్కగుక్కగా తాగిస్తుంది.
అంతే సంగతి. మిగతాదంతా గొట్టాలు.

పర్జ్ వాల్వు విప్పి నోటితో ఊదాను.
కరెంటు లేనప్పుడు గాలి పోకూడదు.
పోలేదు. దాని తప్పేం లేదు.

ఒకప్పుడైతే బండి కింద పడుకుని
ముక్కుతోనే పట్టేసేదాన్ని.
మా తాత గొర్రెలు కాసిన బాస్కు మనిషి,
వానని కొండ అవతల ఉండగానే వాసన చూసేవాడు.
నేను పొగ యంత్రం ఈడ్చుకొచ్చాను.

గొట్టంలోకి తెల్లటి పొగ.
నిప్పు లేకుండానే.
ఎలీసియో నవ్వాడు: "ఇది నా పని కదే!"
పెట్టె మూత తీసేముందు ఆయనా ఇంతే,
రెండు బుస్సులు, ఆపై ఓపిక.

టార్చి పట్టుకుని చూస్తున్నాం.
ఒక నిమిషం. రెండు.
పెట్రోలు పోసే గొట్టం వెనక, క్లాంపు కరిచినచోట,
తుప్పులోంచి సన్నటి దారం లేచింది.
ఆవాలగింజంత కన్నం.

ఇక రెండోది. వెంట్ వాల్వు తెరిపించాను,
పొగ అటునుంచి బయటికి రావాలి.
రాలేదు.
గొట్టం ఊడదీస్తే చివర దూదిముద్ద,
ముద్దలో సాలీడు, పొట్టకింద గుడ్ల సంచీ.
వాటికి పెట్రోలు వాసన ఇష్టమని
నాకు పని నేర్పినాయన చెబుతుండేవాడు.
నేను పోగొట్టుకున్నదాన్ని వెతుక్కుంటూ వచ్చి
ఇది కాపురం పెట్టింది.
అట్టముక్క మీదికి ఎక్కించి
కంచె అవతల దించాను.
పొమ్మనలేక పొగబెట్టడమంటే
అక్షరాలా ఇదే.

నల్ల డబ్బా ఊపితే లోపల తడి చప్పుడు.
"టక్కుమన్నాక కూడా నొక్కావు కదూ?"
"నలభై డాలర్లు సరిగ్గా రావాలని..."
బూట్లకేసి చూసుకున్నాడు.
కొత్త డబ్బా, పోసే గొట్టం, రెండు ఓరింగులు.
వెంట్ గొట్టానికి జల్లెడ, ఈసారి అద్దెకెవరూ దిగకుండా.
కూలీలో సగం తగ్గించాను. మిగతా సగానికి గొణిగాడు.

కోడ్ చెరిపేస్తే అయిపోదు.
సగం ట్యాంకుతో రాత్రంతా చల్లారాలి,
పొద్దున్నే నడవాలి,
అప్పుడు బండి ఎవరూ చూడకుండా
తన ఊపిరి తానే కొలుచుకుంటుంది.
మనం తొందరపెట్టలేం.

గురువారం తెల్లారుజామున వచ్చాడు.
దీపం లేదు.
"వాసన కూడా పోయిందా?" అన్నాడు.
"నన్నడుగుతావేం?"

ట్యాంకు పక్కన మోకాళ్ళమీద కూర్చుని
కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చాడు,
తేనెపట్టు దగ్గర పీల్చినట్టు.
"ఏమీ లేదు" అన్నాడు.

నేనూ వంగి పీల్చాను.
ఏమీ లేదు.