నాలుగూ, ఒక పిసరు

నౌపడ మళ్లలో ఉప్పు మోసిన బండి
ఎప్పటికైనా ఉప్పుకి బాకీ తీర్చాలి.
వెనక చక్రాల నడుమ మూలుగు,
నలభై దాటితే ఈల,
యాభై దాటితే ఎవరో లోపల కూచుని
చోళ్లు విసురుతున్నట్టు.
రేడియో గొంతు పెంచి
కొన్నాళ్లు విననట్టే తిరిగాను.

టెక్కలి బైపాసు పక్కన దండాసి షెడ్డు.
అతను పానా పట్టలేదు.
వేలితో నూనె తీసి ఎండకి పెట్టాడు.
నూనెలో తళుకు.
"వెండి కాదప్పా, పళ్లు," అన్నాడు.

ఇరుసు మార్చాలి. సరే,
ఏ ఇరుసు?
కాగితాల్లో బండికి పదమూడేళ్లు,
నేను మూడోదాన్ని దానికి.
కిందున్నది పుట్టుకతో వచ్చిందో
నడుమ ఎవరైనా తగిలించారో
చెప్పాల్సిన రేకుముక్కని
ఉప్పు ఎప్పుడో నాకేసింది.
రెండు రివెట్ల కన్నాలు మాత్రం,
పుడక తీసేసిన ముక్కులాగ.

బస్తాలు కుట్టే పురికొస నాదే ఇచ్చాను.
డ్రమ్ము నుంచి డ్రమ్ముకి ఒక ముడి,
కమానుకట్ట నుంచి కట్టకి ఇంకో ముడి.
బోల్టులు ఆరు.
నేనూ లెక్కపెట్టాను, నమ్మకం లేక కాదు,
ఊరికే నిలబడలేక.

జాకీలెత్తి, షాఫ్టు మీద సుద్దగీత గీసి
కుర్రాడు లోకనాథాన్ని
ఒక చక్రం కావిలించుకోమన్నాడు.
రెండోదాన్ని తను తిప్పాడు, నిదానంగా, రెండు చుట్లు.
గీత పైకొచ్చింది. ఒకటి. రెండు. మూడు.
నాలుగు
దాటి, ఇంకా కాస్త పోయి, ఆగింది.
"నాలుగూ ఒక పిసరు. మర్సిపోకప్పా,
ఆ పిసరులోనే ఉంది నీ బండి బలమంతా."

మూడు రోజులు పాత సామాన్ల కొట్లు తిరిగాం.
నరసన్నపేటలో ఒకటి, నల్ల రంగేసి, నిగనిగ.
ముడికి ముడి కుదిరింది.
బోల్టులు ఆరే. ధర నోరూరించేదే.
దండాసి తిప్పాడు. గీత
నాలుక్కి వేలెడు ఇవతలే ఆగిపోయింది.
"వేలెడే గదా!" నవ్వాడు కొట్టువాడు.
"వేలెడే. మెళియాపుట్టి ఎత్తుమీద
ముప్పై బస్తాలెడితే
నువ్వొచ్చి తోస్తావేటి?"

పలాసలో, జీడితొక్కల కుప్ప వెనక,
బోర్లాపడ్డ బండికి దొరికింది మాది.

పాతది దించిన రోజు
ఒక యూ బోల్టు ఎంతకీ రాలేదు, కోశాడు.
నలుగురం పట్టి నేలన పెట్టాం.
లోకనాథం బురద గీకుతుంటే
హౌసింగు కుడి భుజాన
ఒక అతుకు బయటపడింది.
జెర్రి పాకినట్టు సన్నగా వెల్డింగు,
చివర ఎడమకి తిరిగిన చిన్న కొక్కెం.

దండాసి గొంతుక్కూచున్నాడు.
బొటనవేలితో ఆ పొడుగంతా తడిమాడు.
"ఇది నా సెయ్యే."

పదకొండేళ్ల కిందట, గ్రానైటు మోసేవాడెవడో,
అర్ధరాత్రి, కరెంటు వస్తూ పోతూ.
"రెండు నెల్లే ఆగుద్ది, మార్చీమని సెప్పినాను.
మార్చలేదు. అమ్మీసినాడు."

పళ్లన్నీ అరిగిపోయాయి.
రెండు నెలల అతుకు
వెంట్రుకంత కూడా విచ్చుకోలేదు.
అతని మొహంలో ఉన్నది గర్వమో,
అదిరిపాటో, నాకు తెలీలేదు.
ఇన్నాళ్లూ ఆ ఎత్తురోడ్డు మీద
నేనెక్కి కూచున్నది దేనిమీదో
అప్పుడే తెలిసింది మరి.

పలాసది ఎక్కించాం. నూనె పోశాం.
డబ్బులు లెక్కపెట్టుకున్నాడు,
ఒక్క నోటు తగ్గలేదు.
పాత ఇనుము నాదే, తూకానికి వేస్తే
డీజిలు ఖర్చు వచ్చేది.
"దాన్నిక్కడే ఉంచీ అప్పా,"
అటు చూడకుండా అన్నాడు.

నౌపడ గేటు దాకా ఈల లేదు.
రేడియో కట్టేసి మరీ విన్నాను.

మరుసటి నెల గాలి పట్టించడానికి వెళ్తే
షెడ్డు ముందు అడ్డంగా ఆ ఇరుసు,
దానిమీద కూచుని లోకనాథం టీ తాగుతున్నాడు.
అతుకున్న వైపు
పైకి తిప్పి పెట్టారు.