ముప్పావు మైలు

సెడోనాలో పొద్దున ఆరున్నరకే
పార్కింగ్ దొరకడం ఓ విజయం.

బోర్డు మీద ముప్పావు మైలే.
నా ఎడమ మోకాలికి మాత్రం
మైళ్ల లెక్క తెలీదు.

ఎర్రరాతి మీద అడుగు పడదు, దారి మిగలదు.
ఇనప వల బుట్టల్లో గుండ్రాళ్లు
ఖైదులో కూర్చునే
ఇటు, ఇటు అంటున్నాయి.

సగంలో మార్లీన్ ఆగింది.
నారింజ ఒలిచి సగం నాకిచ్చి
తొక్కలు జేబులో వేసుకుంది:
"ఇక్కడివి ఎండుతాయి గానీ కుళ్లవు."

పైదాకా వెళ్లారా అని అడక్కండి.
ఒక తొండ మమ్మల్ని చూసింది,
నాలుగు బస్కీలు తీసింది,
పనుందన్నట్టు వెళ్లిపోయింది.

రాత్రి బాత్‌రూమ్‌లో
మేజోళ్లు నానేశాను.
బకెట్ నిండా ఇటుక రంగు.
మూడు నీళ్లు మార్చాను.
మేం ఎక్కని కొండ
ఇంకా దిగుతూనే ఉంది.