కచ్చాకుట్టు

శనివారం నా కత్తెరకి కూడా సెలవు.
డాక్తోరెస్ పేటలో షట్టరు దించి
తాళం రెండుసార్లు లాగి చూసి
నడిచే వస్తాను, మెట్రో ఎక్కను.
వారమంతా మిషను తొక్కిన కాళ్ళు
ఇవాళ తమకి తోచినట్టు నడుస్తాయి,
నేను వాటి వెనకాల వెళ్తాను.

బాల్దెరాస్ మెట్ల దగ్గర క్రిసాంతా పెనం.
నల్లనీలం మొక్కజొన్న ముద్దని
చప్పట్లు కొడుతున్నట్టు తట్టి
కడుపులో చిక్కుడుగింజల పప్పు దాచి
పడవలా సాగదీసి కాలుస్తుంది.
పైన నాగజెముడు ముక్కలు, పొడిగా జున్ను,
కళ్ళు చెమర్చే పచ్చిమిరప పచ్చడి.
త్లకోయో నిలబడే తినాలంటుంది,
కూర్చుంటే రుచి దిగిపోతుందట.
ఆమె దగ్గర కుర్చీలు లేవులెండి.

పాత పుస్తకాల వరసలో
ఎనిమిదేళ్ళుగా ఒకే ఫ్యాషన్ పత్రిక తిరగేస్తున్నాను.
మా అమ్మ కాలంనాటి కాలర్లు, నడుము పట్టిన గౌన్లు.
ధర అడుగుతాను. చెబుతాడు. పెట్టేస్తాను.
వానొస్తే ముందు దాన్నే లోపల పెడతాడని
పక్క కొట్టువాడు చెప్పాడు.

సియుదాదెలా తోటలో అప్పటికే దాన్సోన్ మొదలు.
జకరాండా పూలు రాలిన రాళ్ళమీద
రెండు రంగుల బూట్లు,
టోపీలో నిక్కిన ఈకలు,
నడుము నించి మోకాలి దాకా ఊగే గొలుసులు.
జనం మొహాలు చూస్తారు.
నేను భుజాలు చూస్తాను.
ఆ వంకాయరంగు కోటు నాది. ఆ కాజాలు నావి.
ఆ అస్తరు కూడా నాదే,
ఆయన గిర్రున తిరిగితే తప్ప కనపడదు,
తిరిగితే దానిమ్మ పగిలినట్టు ఒక్క లిప్త ఎరుపు.

నిమ్మపండురంగు సూటులో దోన్ నికనోర్.
నలభై ఏళ్ళు స్టాంపులమీద ముద్రలు కొట్టిన చెయ్యి
ఓర్తెన్సియా వీపుమీద
అంటీ అంటనట్టు ఆనించి ఉంటుంది.
జనవరిలో ఆయన నడుము ముప్ఫై నాలుగు.
ఉపవాసాల రోజులకి ముప్ఫై రెండు.
మొన్న బుధవారం ముప్ఫైన్నర.
టేపుకి అబద్ధం చేతకాదు, నాకు చేతనవును:
"ఈ బట్ట గుణమే అంత దోన్, సాగిపోతుంది."
"అంతే అంతే, పాడు బట్ట" అన్నాడాయన,
గుండుసూదుల డబ్బా నాకు అందిస్తూ.

ఈ నాట్యంలో ఒక చోటుంది.
పాట నడుస్తూనే ఉంటుంది, జంటలు ఆగిపోతాయి.
ఆడవాళ్ళు విసనకర్రలు విప్పుతారు,
మగవాళ్ళు మెడ తుడుచుకుంటారు,
ఎవరి మనవడికి పెళ్ళి కుదిరిందో తెలుస్తుంది.
తర్వాత ఎవరూ చెప్పకుండానే
అందరి కాళ్ళకీ ఒకేసారి గుర్తొస్తుంది.

అలా ఆగినప్పుడు వచ్చాడు, నా బెంచీ దగ్గరికి.
ఓర్తెన్సియా కొత్త బూట్లు కరుస్తున్నాయట.
"ఒతీలియా, లే."
"నాకు రాదు దోన్."
"ఇప్పుడు ఎవరూ ఆడటంలేదుగా.
ఆగడంతో మొదలుపెట్టు. అది అందరికీ వచ్చు."

లేచాను.
ఊరందరికీ కుట్టి నాకు కుట్టుకోని
గోధుమరంగు పాత లంగాలో,
చేతికి ఇంకా పచ్చడి వాసనతో.
ఆయన మోచేతిమీద చెయ్యి వేస్తే
లోపల సగమే ఉంది చెయ్యి.
మిగతాది గుడ్డ.

అప్పుడు కనపడింది,
చేతిమడత పక్కన తెల్లగా
తీయడం మరిచిన కచ్చాకుట్టు.
ముప్ఫై ఏళ్ళ వృత్తిలో ఇలా ఎప్పుడూ బయటికి పంపలేదు.
పళ్ళతో కొరికితే తెగిపోయే దారం.
వేళ్ళు దాకా వెళ్ళాయి కూడా.

"సోమవారం కోటు తీసుకురండి."
"మళ్ళీ సాగిందా?"
"లేదు. పని మిగిలిపోయింది."

ఆయన తల వంచి దారాన్ని చూశాడో
నా బూట్లనే చూశాడో.
"ఎడమ కాలు" అన్నాడు.
నేను కుడి వేశాను,
నేరుగా ఆయన పాదం మీద.