కంపెనీ సైలెన్సర్

హంటర్ రోడ్డు మలుపుకాడ నా షెడ్డు.
అటక మీద ముప్పై రెండు కంపెనీ సైలెన్సర్లు,
ఒక్కోదాని మీద సుద్దముక్కతోని ఓ పేరు:
సాంబరాజు కొడుకు, పాలడెయిరీ నవదీప్,
ఇంకోటి ఉత్త "ఎర్ర బండి". మనిషి పేరు యాదికి లేదు.

పొద్దుగూకంగనే ఉరికొస్తరు.
"యాకన్నా, సుబేదారికాడ చెకింగట, జల్ది మార్చు!"
మూడు బోల్టులు, ఒక స్ప్రింగు, రెండొందలు.
తెల్లారి మళ్లొస్తరు, గుండెలదిరే గొట్టం బిగించుకోను.
మళ్ల రెండొందలు.
చలాను భయం మా ఇంట్ల బియ్యమైతాంది.

కొత్త గొట్టం డబ్బా మీద
సన్నటి అక్షరాలల్ల రాసే ఉంటది,
రేసు మైదానానికే, రోడ్డుకు గాదని.
చదివి చెప్పిన. నవ్విన్రు.
నేనూ నవ్విన.

మొన్న గ్రౌండుల, పట్టుకున్న గొట్టాలన్నీ
వరుసగ పండవెట్టిన్రు.
రోడ్డు రోలర్ వాటి మీదికొస్తుంటే
నా వెల్డింగు నేను గుర్తువట్టిన.
అతుకుకాడ ఎడమకు జారే పూస,
చేతిరాత లెక్క, దాస్తే దాగది.
ఎస్సై నన్నే పిలిచిండు:
"మిస్త్రీ, అసలువి బిగియ్యి."

నవదీప్ బండి స్టార్టు చేసి
నా మొఖం దిక్కు చూసిండు.
పెదవులు కదిలినయి:
"సప్పుడు తగ్గిందా అన్నా?"

ఏం చెప్పాలె.
ఆరేండ్లాయె, ఈ చెవులల్ల ఒకటే ఈల.
ఇంట్ల రజిత బువ్వకు పిలిస్తే
భుజం తట్టాల్సిందే.

టాంకు మీద అరచెయ్యి వెట్టిన.
ఇంజను నడుస్తాంది.

"పాస్" అన్న.