నిమ్మకాయంత

"నిమ్మకాయంత ఉంది" అంది డాక్టరమ్మ.
ఏ నిమ్మకాయ? అడిగేశాను.
మెహదీపట్నం రైతుబజారులో పదకొండేళ్లుగా
నిమ్మకాయలే అమ్ముతున్నదాన్ని.
నకిరేకల్ కాయా, గజనిమ్మా?

ఆమె నవ్వలేదు. స్కేలు తీసి చూపింది.
నాలుగు సెంటీమీటర్లు.
కుడి అండాశయం మీద పల్చటి తోలు, లోపల ఒట్టి నీళ్లు.

గడ్డ అనొద్దంది, నీటితిత్తి అనమంది.
బస్సులో రెండు మాటలూ నోట్లో తిప్పుకున్నాను.
మాసాబ్ ట్యాంక్ దాటేదాకా గడ్డే గెలిచింది.

మందు రాయలేదు. కత్తి మాట ఎత్తలేదు.
"మూడు నెలసరులు చూద్దాం, ఇట్లాంటివి చాలావరకు వాటంతటవే ఇంకిపోతాయి.
పెరిగితే అప్పుడు చూద్దాం,
బొడ్డు దగ్గర చిన్న గాటుతో తీసేస్తాం.
ఒక్కసారిగా మెలిపెట్టి వాంతులైతే మాత్రం
పొద్దూ రాత్రీ చూడకు, ఆటో ఎక్కు."

ఆటో డబ్బులు బియ్యం డబ్బాలో దాచాను.
పక్కన కొత్తిమీర అమ్మే షాహీన్‌కి ఒక్కదానికే చెప్పాను.
ఆసుపత్రి నంబరు అరచేతి మీద రాసుకుంది.

మొన్న మళ్లీ స్కానింగు.
లీటరు నీళ్లు తాగి, కాళ్లు ముడుచుకుని, టోకెన్ ఇరవై మూడు.
జెల్లు చల్లగా. తెర మీద నల్లటి చుక్క.
"సగమైంది."

సగమంటే, రేగుపండంతా?
ఈసారి నవ్వింది.

ఇంకా ఉంది. ఉండనీ.
గోనె దులిపి, మెత్తబడ్డవి ఏరి పక్కన పెడుతుంటే
పదికి ఎన్నమ్మా అంటున్నారెవరో.